కందిరీగల సాసరు

ఆ ఉదయం తాయా పెరట్లోకి వచ్చేసరికి రానెత్కా చెట్టు కింది కొమ్మలన్నీ బోసిగా ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం దాకా గుత్తులుగా వేలాడిన చిట్టి ఆపిల్ పండ్లు, పెద్ద రేగుపండంతవి, ఒక్కటీ లేదు. చెయ్యెత్తితే అందినంత మేర ఆకు కూడా చిరగకుండా కోసేశారు. పై కొమ్మల్లో మాత్రం ఎర్రగా మిగిలి ఉన్నాయి, నిచ్చెన ఉంటే తప్ప అందవు. నిచ్చెన ఉండే చోట నిచ్చెనా లేదు.

ఎవరి పనో అడగక్కర్లేదు. అత్తగారు అగ్నియా స్తెపానొవ్నా తెల్లవారకముందే లేచి కోసింది, బకెట్లు నేలమాళిగలోకి దించింది, తలుపుకి తాళం వేసింది. మా బీస్క్ ఊళ్ళో రానెత్కాలకి తాళం వేసిన మనిషిని ఎవరూ ఎరగరు. ఆగస్టు వచ్చిందంటే ఇక్కడ ఆ పండ్లు దారి పొడుగునా దొర్లుతుంటాయి. బకెట్టెడు తెచ్చి పక్కింటి గుమ్మంలో పెట్టి, తిరిగిచ్చేస్తారేమోనని దొంగల్లా పారిపోతారు జనం. అలాంటి పండుకి తాళం అంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అందులోనూ తాయాకి ఆ పండు ఏమిటో ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

మార్చిలో తాయాకి కొడుకు పుట్టాడు. తీహొన్ అని పేరు పెట్టుకున్నారు. గుండెలో లోపంతో పుట్టాడు, మూడు వారాలు కూడా ఉండలేదు. నేల ఇంకా గడ్డకట్టే ఉంది. శ్మశానంలో తాయా పడిపోయి ఏడుస్తుంటే అత్తగారు వంగి చెవి దగ్గర ఒకే మాట చెప్పింది. "ఏడవకు. తల్లి ఏడిస్తే అక్కడ బిడ్డ తడిసిపోతాడు." ఇంటికొచ్చాక బిడ్డ కోసం కొన్న బండిని షెడ్డులో పెట్టేసింది. ఆ రోజు నుంచి వాడి పేరు ఎత్తలేదు. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, ఈ అత్తతో తాయా ఆరేళ్ళు పెద్ద గొడవ లేకుండానే నెగ్గుకొచ్చింది. ఆ ఒక్క మాటని మాత్రం క్షమించలేకపోయింది.

అప్పట్నుంచి తాయాకి తిండి గొంతు దిగడం మానేసింది. రొట్టె నమిలితే గడ్డి నమిలినట్టు ఉండేది. సూప్ ముందు కూర్చుని చల్లారేదాకా చెంచా తిప్పేది. ఆమె పనిచేసే రక్తపరీక్షల గదిలో తోటివాళ్ళు బలవంతంగా టీ తాగించేవాళ్ళు. జూలై చివర్లో ఒక రోజు చెట్టు పక్కనుంచి పోతూ, ఎందుకో తెలియకుండానే, పచ్చి రానెత్కా ఒకటి తెంపి నోట్లో వేసుకుంది. నాలుక పీక్కుపోయేంత పులుపు. ఆ పులుపుకి నోరూరింది. ఇంకోటి తింది. ఇంకోటి. ఇన్ని నెలల్లో ఒంట్లోకి పోయిన మొదటి తిండి అది. ఆనాటి నుంచి రోజూ జేబుల నిండా కోసుకుని, ఎవరూ చూడకుండా షెడ్డు వెనక నిలబడి తినేది. బిడ్డని మట్టిలో పెట్టి వచ్చిన మనిషికి ఆకలి వేయడమంటే ఆమెకే సిగ్గుగా ఉండేది.

ఇప్పుడా చెట్టు ముందు బోసి కొమ్మల కింద నిలబడి, లోపలినుంచి ఒక పీట తెచ్చి వేసుకుంది. పీటెక్కి మునివేళ్ళ మీద లేచి ఒక్క పండు అందుకుంది. పెదవుల దాకా తెచ్చిందో లేదో, ఎటునుంచి వచ్చిందో గాని అత్తగారి చెయ్యి వచ్చి చెళ్ళున ఆమె మణికట్టు మీద పడింది. పండు ఎగిరి నేల మీద పడింది. ముసలావిడ దాన్ని కాలి రబ్బరు జోడుతో తొక్కేసింది.

"పండుగ దాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"ఒక్క పండు, అగ్నియా స్తెపానొవ్నా. ఒకే ఒక్కటి."

"అరపండు కూడా వద్దు. దిగు."

తాయా దిగింది. మణికట్టు ఎర్రగా కందింది. ఈవిడకి మనవడు పోయినా నొప్పి లేదు గాని జామ్ సీసాలు తక్కువైతే నొప్పి అనుకుంది. అత్తగారి పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయని చూసింది కూడా. కోపం అనుకుంది.

సాయంత్రం గ్లేబ్ డ్యూటీ దిగి వచ్చాడు. ఊరి బస్సు నడుపుతాడతను, రోజంతా జనం అరుపులు విని విని ఇంట్లో గొంతు పెంచని మనిషి. మీ అమ్మ నా నోటి దగ్గర పండు లాగి తొక్కేసిందని తాయా చెబితే ముందు హాస్యమనుకుని నవ్వబోయాడు. భార్య మణికట్టు చూశాక నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, బకెట్లకి బకెట్లు మురిగిపోతాయి. తిననీ. అసలు తనేదైనా తింటానంటే చాలు నాకు."

"పంతొమ్మిదో తారీకు తర్వాత కడుపు పట్టినన్ని తిననీ. నేను వద్దన్నానా?"

"పంతొమ్మిదికేమిటి ప్రత్యేకం?"

"ఆపిల్ పండుగ. పెద్దవాళ్ళ పద్ధతి. అంతే."

"నీకెప్పట్నుంచి ఈ పద్ధతులు? గుడికి వెళ్ళేదే ఏడాదికి ఒక్కసారి."

"ఆ ఒక్కసారీ అదే రోజు" అంది ముసలావిడ. అని లేచి గిన్నెలు తీసేయడం మొదలుపెట్టింది.

ఆ గిన్నెల చప్పుడుకి తాయాలో ఏదో తెగిపోయింది. ఆమె అరవలేదు, మెల్లగానే మాట్లాడింది, అదే గ్లేబ్‌ని ఎక్కువ భయపెట్టింది. "బండిని షెడ్డులో పెట్టి తాళం వేశారు. వాడి పేరుకి తాళం వేశారు. నా ఏడుపుకి తాళం వేశారు. ఇప్పుడు చెట్టుకి కూడా వేశారు. ఇంక ఈ ఇంట్లో నాకోసం తెరిచి ఉన్నది వీధి తలుపొక్కటే." మీ పండుగ మీరు చేసుకోండి, ఆ రోజే కెమెరొవోలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను అంది. ఎన్నాళ్ళకని గ్లేబ్ అడిగితే లేచి సంచి వెతకడానికి వెళ్ళింది. అత్తగారు మాత్రం వెనక్కి తిరగకుండా కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

పండుగ ముందు రోజు తాయా ఉతికిన బట్టలు తీగ మీద ఆరేస్తోంది. కంచె అవతల పక్కింటి జోయా ప్రత్యక్షమైంది. జోయా చెడ్డది కాదు, నోట్లో నువ్వుగింజ నానదు అంతే. వానల గురించి, బంగాళాదుంపల గురించి మాట్లాడి, బోసి కొమ్మల వంక చూసి తల ఊపింది. నీలాంటి చదువుకున్న పిల్ల కట్టు పాటిస్తోందంటే మెచ్చుకోవాలి, ఈ రోజుల్లో ఎవరు పాటిస్తున్నారు, మీ అత్త చెప్పిందా అంది.

"ఏం కట్టు?"

"అదే, పండుగ దాకా ఆపిల్ ముట్టకపోవడం. బిడ్డ పోయిన తల్లులు ఉంటారు కదా అలా." జోయా గొంతు తగ్గించింది. "రేపు పైన, స్వర్గంలో, పోయిన పిల్లలకి ఆపిల్ పండ్లు పంచుతారు. ఎవరి తల్లి తినకుండా ఆగిందో వాళ్ళకే. మిగతా పిల్లలు చెయ్యి చాపితే, నీ పండు మీ అమ్మ తినేసింది, పో, అంటారట. మా నాయనమ్మ చెప్పేది."

తాయా చేతిలో తడి దిండుగలీబు అలాగే ఉండిపోయింది. ఆ మొహం చూశాక గాని జోయాకి తను ఏం చేసిందో అర్థం కాలేదు. అవన్నీ ముసలమ్మల మాటలులే, పట్టించుకోకు అంటూ ఏవేవో చెప్పి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

తాయా ఇలాంటివి నమ్మే మనిషి కాదు. రోజంతా రక్తం చుక్కలు మైక్రోస్కోపు కింద పెట్టి చూసే మనిషి. నమ్మకపోతే నమ్మకపోయింది, చెయ్యి చాపిన పిల్లవాడు కళ్ళముందు నిలబడ్డాడు, వాణ్ణి తరిమెయ్యడానికి ఏ చదువూ పనికిరాలేదు. పైగా తీహొన్‌కి చెయ్యి చాపడం కూడా రాదు. వేలు అందిస్తే గట్టిగా పట్టుకోవడం ఒక్కటే వచ్చు వాడికి.

పెరట్లో ఉన్న వేసవి వంటగదిలో అత్తగారు రేపటి కోసం ఇత్తడి బేసిను తోముతోంది. తాయా గుమ్మంలో నిలబడింది.

"మీకు తెలుసు. తెలిసీ చెప్పలేదు."

ముసలావిడ తల ఎత్తి, కంచె వైపు చూసి, జోయానా అని గొణిగింది. తర్వాత బేసినులోకి చూస్తూ అంది. "ఎలా చెప్పమంటావు? నీ బిడ్డ పోయాడు కనక నువ్వు పండు తినకూడదని ఏ నోటితో చెప్పమంటావు? నీకు అందకుండా చేస్తే చాలనుకున్నా. ఈ ముసల్ది పిసినారి అనుకుంటే అనుకుంటావు, దానికేం, పోయేదేముందనుకున్నా."

"ఆలస్యం చేశారు" అంది తాయా. "జూలై నుంచి తింటున్నాను. రోజూ. జేబులనిండా. షెడ్డు వెనక, వాడి బండి ఉన్న గోడకి ఆనుకుని నిలబడి తిన్నాను. అవొక్కటే లోపలికి పోయాయి నాకు."

తోముతున్న చెయ్యి ఆగిపోయింది. అగ్నియా స్తెపానొవ్నా కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. బేసినును బల్ల మీద పెట్టి, గుడ్డకి చేతులు తుడుచుకుని, కోడలి పక్కనుంచి ఇంట్లోకి వెళ్ళి తన గది తలుపు వేసుకుంది.

అదే తీర్పు అనుకుంది తాయా. చెట్టు కిందికి వెళ్ళి కూర్చుంది. గొంతులో వేలు పెట్టి కక్కేస్తే వాడి పండు వాడికి తిరిగి చేరుతుందా అని కూడా ఆలోచించింది. అలా ఆలోచిస్తున్నందుకు పిచ్చెక్కుతోందేమోనని భయపడింది. ఏడుద్దామంటే వాడు తడిసిపోతాడన్న మాట అడ్డొచ్చింది. నమ్మని మాటలే ఆమెని రెండు వైపులనుంచీ కట్టేశాయి. ఆకలికి ఒక శిక్ష, ఏడుపుకి ఒక శిక్ష, ఇంక తల్లికి మిగిలేదేమిటి? గ్లేబ్ వచ్చి పక్కన కూర్చుని, నేనూ వస్తాను కెమెరొవోకి అన్నాడు. వద్దంది. రేపు రెండింటి బస్సుకి దింపితే చాలంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి తీసుకోనూ లేదు, ఇవ్వనూ లేదు.

పండుగ నాడు ఎండ విరగకాసింది. అత్తగారు గుడినుంచి తలగుడ్డ మూటలో దీవించిన పండ్లు తెచ్చుకుని వచ్చింది. గేటు పక్కన కోడలి సంచి చూసింది. నేలమాళిగ తాళం తీసి బకెట్లు పైకి తెచ్చి, సంచి దాటుకుని తాయా దగ్గరికి వచ్చింది.

"బస్సు రెండింటికి కదా. ఈ పొడిచే పని నావల్ల కావడం లేదు, సూది ఆనడం లేదు కళ్ళకి. కాసేపు కూర్చో."

వెళ్ళిపోయే మనిషికి వాదించే ఓపిక ఉండదు. తాయా కూర్చుంది. గ్లేబ్ కూడా వచ్చి కూర్చున్నాడు. ముగ్గురూ ఒక్కో పండునీ తొడిమ పక్కన సూదితో పొడుస్తూ పోయారు. పొడవకపోతే పాకంలో పడగానే తోలు పగిలి గుజ్జయిపోతుంది. తొడిమ మాత్రం తియ్యకూడదు. చలికాలంలో పాకంలోంచి ఆ తొడిమ పట్టుకుని పైకెత్తి, తల వెనక్కి వాల్చి నోట్లో వేసుకోవాలి, ఇక్కడ ప్రతి పిల్లా పిల్లాడూ అలాగే తింటారు. ఆ సంగతి గుర్తొచ్చి తాయా సూది వేలిలో గుచ్చుకుంది. రక్తపు బొట్టు చూసుకుని, తుడుచుకుని, ఇంకో పండు తీసుకుంది.

పాకం కాగింది. అత్తగారు పండ్లన్నీ అందులో వేసి, గరిట పెట్టకుండా, బేసినును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపుతూ నిలబడింది. గరిట పెడితే పండు చితుకుతుంది. కాసేపటికి గులాబీ రంగు నురుగు పొంగింది. దాన్ని చెంచాతో తీసి, అంచు విరిగిన నీలంపూల సాసరులో వేసి, కిటికీ గట్టు మీద పెట్టింది. ఏటా అలాగే పెడుతుంది. కందిరీగలు అటు పోతే బేసిను జోలికి రావని ఇంట్లో అందరికీ తెలిసిన కారణం.

"కందిరీగల వాటా వెళ్ళిపోయింది" అన్నాడు గ్లేబ్, చిన్నప్పట్నుంచీ అనే మాటే.

"కందిరీగలకి కాదది" అంది తల్లి. "మీ అక్కకి."

గ్లేబ్ ఆమె వంక చూశాడు. ముసలావిడ బేసిను ఊపడం ఆపలేదు. ఆపితే చెప్పలేనేమోనన్నట్టు ఊపుతూనే చెప్పింది. నువ్వు పుట్టకముందు ఊల్యా అని ఒక పిల్ల ఉండేది. నాలుగేళ్ళు నిండాయి. ఫిబ్రవరిలో ఊపిరితిత్తులకి జబ్బు చేసింది, మంచు తుఫానులో ఆసుపత్రి బండి రాలేదు. జామ్ కాసే రోజు ఆ మెట్టు మీద ఈ సాసరు పట్టుకుని నురుగు కోసం కూర్చునేది. "దాని పేరెత్తితే మీ నాన్న తాగేవాడు. ఎత్తకపోతే పనికి వెళ్ళేవాడు. అందుకని మానేశాను. మానేసి మానేసి, పోయిన పిల్లల గురించి ఎలా మాట్లాడాలో మర్చిపోయాను."

గ్లేబ్ చేతిలో సూది అలాగే ఉంది. నలభై ఏళ్ళ దగ్గరికొచ్చిన మనిషి, తనకొక అక్క ఉందని ఇవాళ తెలుసుకున్నాడు.

"అప్పట్నుంచి పండుగకి ముందు పండు ముట్టలేదు, ఒక్క ఏడాది కూడా తప్పలేదు" అంది ముసలావిడ. "వీడు కడుపులో ఉన్నప్పుడు జూలైలో పులుపు కోసం ప్రాణం కొట్టుకుపోయేది. ఈ చెట్టు కిందే నిలబడి చూస్తుండేదాన్ని. తినలేదు." అప్పుడు బేసిను దించి కోడలి వైపు తిరిగింది. "నిన్న నువ్వు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే లోపలికి పోయాను, కోపం వచ్చి కాదు. ఇవాళ గుడిలో నిలబడితే దొరికింది. ఇన్నేళ్ళ పండ్లు చేరాయి ఊల్యాకి. ఒక్కత్తే ఎన్నని తింటుంది? దానితో చెప్పి వచ్చాను. నీ మేనల్లుడు వచ్చాడే, పసివాడు, వాడికి నిలబడటం కూడా రాదు, ఎత్తుకో. వాళ్ళమ్మకి తెలియక జరిగింది. నీ దాంట్లోంచి పెట్టు వాడికి, అన్నాను."

తాయా నోరు తెరిచింది. వచ్చిన మాట ఆమె అనుకున్నది కాదు.

"వాడికి పళ్ళు రాలేదు ఇంకా."

"అందుకే నురుగు" అంది అగ్నియా స్తెపానొవ్నా. "నురుగుకి పళ్ళెందుకు?"

"ఇస్తుందంటారా? చిన్నపిల్లలు ఇవ్వరు. పిల్లలు తమది తాము దాచుకుంటారు."

"ఊల్యానా? వీధిలో పిల్లలందరికీ నాకించి, ఖాళీ సాసరు తెచ్చి నాకిచ్చి, అమ్మా నాకు రాలేదు అనేది. అది మేనత్త, పరాయిది కాదు. వాడి చెయ్యి అది వదలదు."

తాయా లేచింది. అలమర తెరిచి, తను పెళ్ళికి తెచ్చుకున్న సాసర్లలోంచి ఒకటి తీసింది. బేసిను మళ్ళీ పొయ్యి ఎక్కింది, మళ్ళీ నురుగు పొంగింది. చెంచా అత్తగారు ఇచ్చింది గాని నురుగు తాయాయే తీసింది. ఒక్క చుక్క కింద పడకుండా తీసుకెళ్ళి, కిటికీ గట్టు మీద నీలంపూల సాసరు పక్కన, దానికి తాకేలా పెట్టింది. ఎక్కడినుంచో కందిరీగ ఒకటి వచ్చి రెండిటి మీదా తిరిగింది. గ్లేబ్ అలవాటుగా చెయ్యెత్తి, దించేశాడు.

అప్పుడు వచ్చింది ఏడుపు, మార్చినుంచి లోపల గడ్డకట్టుకున్నదంతా. తాయా రెండు చేతులతో నోరు అదుముకుంది. తడిసిపోతాడు, తడిసిపోతాడు అని గొణుక్కుంటూ ఏడుపుని మింగబోయింది. అత్తగారు దగ్గరికొచ్చి, పాకం అంటిన వేళ్ళతోనే ఆ చేతులు నోటి మీదనుంచి తీసింది. బయట పెరడంతా ఎండ పరుచుకుని ఉంది. ముసలావిడ ఒకసారి అటు చూసింది.

"ఏడు తల్లీ. ఇవాళ ఎండ బాగుంది. ఆరిపోతాడు."